కొత్తగా టీమ్ లీడ్ అయిన అమ్మాయికి

అమ్మాయీ,

సెక్యూరిటీ టీమ్‌ను నీ చేతికి అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. నాయకత్వం మీద మంచి పుస్తకం చెప్పమన్నావు. పుస్తకం సంగతి తర్వాత, ముందు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను.

నువ్వు చేరకముందు మాట. ఒక రాత్రి రెండు గంటలకు ముఖ్యమైన సర్వర్ పడిపోయింది. గ్రూపులో నేను పెట్టిన మొదటి మెసేజి: "ఎవరు చేశారు?" ఒక కుర్రాడి పేరు పక్కన 'టైప్ చేస్తున్నారు' అని కనిపించింది. ఆగిపోయింది. మళ్ళీ కనిపించింది, మళ్ళీ ఆగింది. నలభై నిమిషాలు ఇదే తంతు. టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్ విండోలో కమాండ్ కొట్టాడతను. వెంటనే చెప్పి ఉంటే పది నిమిషాల్లో సర్దేసేవాళ్ళం. అతని నోరు కట్టేసింది నా రెండు మాటలే.

ఆ తర్వాత నా మొదటి ప్రశ్న మారింది: "ఇప్పుడు పరిస్థితి ఏమిటి?" ఎవరు చేశారన్నది లాగుల్లో, అంటే సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టాల్లో, ఎలాగూ ఉంటుంది, ఎక్కడికీ పోదు.

మోసపు మెయిల్లోని లింకు నొక్కినవాళ్ళ విషయమూ అంతే. నొక్కిన పది నిమిషాల్లో నీకు ఫోన్ చేస్తే పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న సెషన్లు తెంచి, ఆ ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పిస్తావు. మూడో రోజు తెలిస్తే ఇంకేం మిగులుతుంది? అందుకే ఉద్యోగులను పరీక్షించడానికి మనమే పంపే ఉత్తుత్తి మోసపు మెయిళ్ళలో దొరికిపోయినవారి పేర్లు అందరికీ పంపే పద్ధతి నాకు మొదటినుంచీ గిట్టదు.

2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. ఆ కంపెనీ జరిగినదంతా బయటపెట్టింది, మరమ్మతును కూడా ప్రత్యక్షంగా చూపించింది. అలా తవ్వితేనే అసలు సంగతి తేలింది: ఒక రకం బ్యాకప్‌లు అసలు నడవడమే లేదు, అవి విఫలమవుతున్నాయని చెప్పే హెచ్చరిక మెయిళ్ళు ఎవరికీ చేరడం లేదు. ఆ ఇంజినీర్‌ను తిట్టి ఊరుకుని ఉంటే ఈ రెండూ అలాగే పడి ఉండేవి.

అదే ఏడాది, జనాల అప్పుల వివరాలు దాచే అమెరికా కంపెనీ ఈక్విఫ్యాక్స్ కథ వేరు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి మార్చిలోనే ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) వచ్చినా, ఆ కంపెనీ వెబ్ పోర్టల్ ఒకదానికి వేయలేదు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. మాజీ సీఈఓ అమెరికా కాంగ్రెస్ ముందు ఒక వ్యక్తి పొరపాటునూ, ఒక స్కానర్ వైఫల్యాన్నీ చూపించాడు. ప్యాచ్ వేయమని మెయిల్ పంపిన జాబితానే పాతదని తర్వాత ప్రభుత్వ ఆడిటర్లు రాశారు. ఆ జాబితా గుర్తుపెట్టుకో, చివర్లో మళ్ళీ వస్తాను.

ఇంకొకటి, నీకు కష్టమైనది. ప్రమాదం జరుగుతున్నప్పుడు కీబోర్డు ముట్టుకోకు. నీ వేళ్ళు టీమ్‌లో అందరికంటే వేగమని నాకు తెలుసు, అదే నా భయం. నువ్వు లాగులు చదవడంలో మునిగితే పైవాళ్ళకు జవాబు చెప్పేదెవరు? పదిహేను గంటలుగా కూర్చున్నవాడిని లేపి పడుకోమనేదెవరు? సరిచేసేది ఒకరు, ఏ నిమిషానికి ఏం చేశారో రాసేది మరొకరు. నువ్వు తలుపు దగ్గర నిలబడి "ఇంకెంతసేపు" అని అడిగేవాళ్ళను ఆపు.

రాత్రి డ్యూటీ నెలకొకసారైనా నువ్వూ చెయ్యి. పనికిరాని అలర్టులు ఎన్ని మోగుతున్నాయో నిద్ర పాడైతేనే తెలుస్తుంది.

సోమవారం వెళ్ళగానే అత్యవసర ఫోన్ల జాబితా తీసి చూడు. నేను రిటైరై రెండేళ్ళు దాటింది. పోయిన నెల కూడా అర్ధరాత్రి నాకే హెచ్చరిక వచ్చింది. నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకో.

ఆశీస్సులతో,
నీ పాత మేనేజర్