అంకె పక్కన కిలోలు రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, చదివాను. శీర్షికలో ‘భారత పురుషుల ఫ్రీస్టయిల్ కుస్తీ ప్రస్థానం’ అన్నావు. లోపల ఉన్నది పతకాల జాబితా, దాని చుట్టూ ‘మువ్వన్నెల జెండా రెపరెపలాడింది’ లాంటి మాటలు. ఆ మాటలన్నీ పెన్సిల్‌తో కొట్టేశాను, నొచ్చుకోకు. కొట్టేశాక మిగిలిన దాంట్లో సరుకుంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందు లెక్క సరిచేసుకో. ఒలింపిక్ కుస్తీలో మనకు 8 పతకాలన్నావు. నిజమే, కానీ అందులో ఒకటి 2016లో రియోలో సాక్షి మలిక్ గెలిచింది. పురుషుల ఫ్రీస్టయిల్ అని గిరి గీసుకున్నాక 7 దగ్గర ఆగాలి: రెండు రజతాలు, అయిదు కాంస్యాలు. స్వర్ణం లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 2025 దాకా 13: ఒక స్వర్ణం, నాలుగు రజతాలు, ఎనిమిది కాంస్యాలు. నీకు 14 ఎలా వచ్చాయా అని చూస్తే, 2013లో సందీప్ తులసీ యాదవ్ తెచ్చిన కాంస్యం కూడా కలిపేశావు. అతనిది గ్రీకో రోమన్. అందులో నడుము కింద పట్టు పట్టడానికి వీల్లేదు, ఆటే వేరు. ఇక కామన్వెల్త్ పతకాలన్నీ తెచ్చి ఇదే కుప్పలో పోయడం అసలు బాగాలేదు. ఇరాన్, రష్యా, జపాన్, అమెరికా, జార్జియా లేని పోటీ అది. అక్కడ గెలిచినవాళ్లను తక్కువ చేయమని కాదు, ఆ లెక్క విడిగా చెప్పమంటున్నా.

ఇప్పుడు అసలు మాట. ప్రతి పతకం పక్కన ఏడాది రాశావు, రంగు రాశావు. ఎన్ని కిలోల విభాగమో ఒక్క చోటా రాయలేదు. కుస్తీ గురించి రాసేటప్పుడు ముందు రాయాల్సింది అదే. ఒకసారి రాసి చూడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్, ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్, 57 కిలోలు. 1967 ఢిల్లీ ప్రపంచ చాంపియన్‌షిప్, బిశంబర్ సింగ్ రజతం, 57. 2019లో రవి దహియా ప్రపంచ కాంస్యం, టోక్యోలో అతనిదే ఒలింపిక్ రజతం, 57. 2024 పారిస్, అమన్ సెహ్రావత్, 57. డెబ్బై ఏళ్లు దాటిన చరిత్రలో తిరిగి తిరిగి అదే అంకె వస్తోంది కదా! నువ్వు రాసిన పేజీల్లోనే ఇదంతా ఉంది, నీ కళ్లకే ఆనలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే మరొకటి కనిపిస్తుంది. మన ఏడు ఒలింపిక్ పతకాల్లో 66 కిలోలు దాటింది ఒక్కటీ లేదు. 57లో మూడు, యోగేశ్వర్ దత్‌ది 60లో, బజరంగ్ పునియాది 65లో, సుశీల్ కుమార్‌వి రెండూ 66లో. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాస్త పైకి వెళ్లినవాళ్లున్నారు: 74లో రమేశ్ కుమార్ (2009), నర్సింగ్ యాదవ్ (2015), 86లో దీపక్ పునియా (2019). ఆపైన 97, 125 కిలోల్లో ఒక్క పతకం లేదు. మన జనం పహిల్వాన్ అనగానే కొండంత మనిషిని ఊహించుకుంటారు. మన పతకాలు తెచ్చినవాళ్లు ఎక్కువమంది బక్కపలచని కుర్రాళ్లు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలని నా ఉద్దేశం.

అయితే 57 అన్నచోటల్లా ఒకే 57 అనుకోకు. జాదవ్ రోజుల్లో దాని కింద 52 కిలోల విభాగం ఉండేది. 1948 లండన్‌లో ఆయన ఆడింది అందులోనే, ఆరో స్థానంలో నిలిచాడు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో ఆరే విభాగాలు, 57 అన్నింటికంటే చిన్నది, దాని మీద ఏకంగా 65. మధ్యలో ఉన్నవాడు ఏం చేస్తాడు? కిందికి దిగుతాడు. కడుపు మాడ్చుకుని, చెమట కార్చి దిగుతాడు. పైగా 2018 నుంచి పోటీ రెండు రోజులు, రెండు రోజులూ పొద్దున్నే తూకం.

అమన్ సంగతి నువ్వు ‘బరువు తగ్గించుకుని పతకం గెలిచాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది పేరా కావాలి. పారిస్‌లో ఆగస్టు 8 సాయంత్రం సెమీస్‌లో జపాన్ కుర్రాడు రేయ్ హిగుచి చేతిలో 0-10తో ఓడిపోయాడు. ఓడిన బాధ ఒకవైపు, తూకం చూస్తే 61.5 కిలోలు. మర్నాడు పొద్దున్నకల్లా నాలుగున్నర కిలోలు దిగాలి. కోచ్‌లు నిద్ర మానుకుని పక్కనే ఉన్నారు. మళ్లీ మ్యాట్ మీద కుస్తీ, ఆవిరి గది, ట్రెడ్‌మిల్, మళ్లీ ఆవిరి గది. తెల్లారేసరికి 56.9. తర్వాత కాంస్యం కోసం ప్యూర్టోరికో రెజ్లర్ డేరియన్ క్రూజ్‌ను 13-5తో ఓడించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు నిండి నెల కూడా కాలేదు. మరుసటి ఏడాది జాగ్రెబ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఇదే అమన్ 1.7 కిలోలు ఎక్కువ తూగి, మ్యాట్ ఎక్కకుండానే అనర్హుడయ్యాడు. పారిస్ రాత్రి రాసి జాగ్రెబ్ పొద్దు దాచేస్తే అది అభిమానుల రాత, మన పని కాదు.

కిలోల తర్వాత రాయాల్సింది ఆనాటి నిబంధన. మన కాంస్యాల్లో కొన్ని రెపిచేజ్ దారిలో వచ్చాయి. పాఠకుడికి ఆ దారి చూపించకపోతే, ఓడినవాడికి పతకం ఎలా ఇచ్చారని తికమక పడతాడు. నిన్ను ఓడించినవాడు ఫైనల్ చేరితే నీకు మళ్లీ తలుపు తెరుస్తారు, అంతే. 2008 ఆగస్టు 20న బీజింగ్‌లో సుశీల్ తొలి బౌట్‌లోనే ఉక్రెయిన్ రెజ్లర్ ఆంద్రీ స్టాడ్నిక్ చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత చేసేదేముంది? కూర్చుని స్టాడ్నిక్ గెలవాలని కోరుకోవడమే. స్టాడ్నిక్ ఫైనల్ చేరాడు. ఇక అదే రోజు సుశీల్ వరసగా ముగ్గుర్ని పడేశాడు: అమెరికా రెజ్లర్ డగ్ ష్వాబ్, బెలారస్ రెజ్లర్ బాతిరోవ్, చివరికి కాంస్యం కోసం కజకిస్తాన్ రెజ్లర్ స్పిరిడోనోవ్. తనను ఓడించినవాడు గెలవాలని దండం పెట్టుకునే ఆ గంటలున్నాయే, ఆ టెన్షన్ రాయి. జెండా రెపరెపలు తర్వాత.

ఇంకో సంగతి: ఒక్కో బరువులో రెండు కాంస్యాలివ్వడం ఒలింపిక్ కుస్తీలో 2008 నుంచే. జాదవ్ గెలిచినప్పుడు ఒక్కటే ఉండేది. అలాగే 2008లో సుశీల్ ఆడింది రెండేసి నిమిషాల రౌండ్లు, మూడింట రెండు గెలిస్తే బౌట్ నీది. ఇప్పుడు మూడేసి నిమిషాల రౌండ్లు రెండు, పాయింట్లన్నీ కలిపి లెక్క. అందుకని 2008 స్కోర్లనూ 2024 స్కోర్లనూ పక్కపక్కన పెట్టి పోల్చకు.

2012 లండన్‌లో యోగేశ్వర్‌దీ రెపిచేజ్ దారే. రష్యా రెజ్లర్ బెసిక్ కుదుఖోవ్ చేతిలో ఓడి, కన్ను వాచిపోయి, మళ్లీ వరసగా మూడు గెలిచాడు. ఆఖరి బౌట్‌లో ఉత్తర కొరియా రెజ్లర్ రెండు చీలమండల్నీ మెలిపెట్టి గిరగిరా పొర్లించాడు చూడు, ఆ వీడియో చూడకుండా ఆ పేరా రాయకు. నువ్వు అతని పతకాన్ని రజతం అని రాశావు. ఎక్కడ పట్టావో నాకు తెలుసు. అక్కడ రజతం గెలిచిన కుదుఖోవ్ 2013 చివర్లో కారు ప్రమాదంలో చనిపోయాడు. దాచిన శాంపిల్‌ను మళ్లీ పరీక్షిస్తే డోపింగ్ తేలిందని 2016లో వార్త వచ్చింది, మన పత్రికలు యోగేశ్వర్‌కు రజతం ఖాయమని రాసేశాయి. ఆ పతకం కుదుఖోవ్ కుటుంబం దగ్గరే ఉండనివ్వండి అన్నాడు యోగేశ్వర్. చివరికి ఫలితం మారలేదు. రికార్డులో కాంస్యమే ఉంది, కాంస్యమనే రాయి. అతనన్న మాట మాత్రం తప్పకుండా రాయి, పతకం రంగు కంటే అదే గొప్పగా ఉంది.

టోక్యో సెమీస్‌లో రవిని కజకిస్తాన్ రెజ్లర్ సనాయెవ్ చేయి కొరికిన సంగతి నాలుగు వాక్యాలు రాశావు. రాయి. 2-9తో వెనకబడి, కొరికించుకుని కూడా పట్టు వదలకుండా చిత్తు చేయడం చిన్న విషయం కాదు. కానీ 2012 సెమీస్‌లో సుశీల్ తన చెవి కొరికాడని మరో కజక్ రెజ్లర్ తనతరోవ్ ఆరోపించాడు, సుశీల్ కాదన్నాడు. మొదటిది రాసి రెండోది వదిలేస్తే పాఠకుడు ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటాడు. సుశీల్ విషయంలోనే ఇంకో మాట. 2021లో హత్య కేసులో అరెస్టయ్యాడని అతని పతకాల్ని ముక్తసరిగా దాటేశావు. 2010లో మాస్కోలో రష్యా రెజ్లర్‌నే ఫైనల్లో ఓడించి తెచ్చింది మన ఏకైక ప్రపంచ స్వర్ణం. దాన్ని పూర్తిగా రాయి, కేసునూ ఒక వాక్యంలో రాయి. ఒకటి రెండోదాన్ని చెరిపేయదు.

‘1952 నుంచి 2008 దాకా 56 ఏళ్ల చీకటి’ అన్నావు. చీకటేం కాదు. 1961లో యోకొహామాలో ఉదయ్ చంద్ 67 కిలోల్లో మన తొలి ప్రపంచ పతకం తెచ్చాడు. బిశంబర్ సంగతి పైన చెప్పాను. ఆసియా క్రీడల్లో కర్తార్ సింగ్ 1978లో, 1986లో, సత్‌పాల్ 1982లో స్వర్ణాలు గెలిచారు. ఆ సత్‌పాల్ ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో గురువుగా కూర్చున్నాడు కాబట్టే 2008 తర్వాత ఇంతమంది వచ్చారు. సుశీల్, యోగేశ్వర్, బజరంగ్, రవి, అమన్ అందరూ ఆ మ్యాట్ మీద చెమటోడ్చినవాళ్లే. రవి తండ్రి నహ్రీ నుంచి రోజూ పాలు మోసుకొచ్చిన కథ అందరూ రాసి అరగదీశారు, వదిలెయ్. సోనీపత్ జిల్లాలోని ఆ ఒక్క నహ్రీ నుంచే మహావీర్ సింగ్, అమిత్ దహియా, రవి ముగ్గురు ఒలింపిక్స్‌కు వెళ్లారు. దేశం రికార్డు అంటున్నాం గానీ, గత పదిహేనేళ్లుగా అది ఎక్కువగా రెండు మూడు జిల్లాల రికార్డు. ఆ మాట అనడానికి మొహమాటపడకు.

జాదవ్ పేరాలో కొల్హాపూర్ రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలిచ్చిన సంగతి రాశావు, బాగుంది. బౌట్‌కూ బౌట్‌కూ మధ్య విశ్రాంతి ఇవ్వకపోతే అడ్డుచెప్పడానికి మన అధికారి ఒక్కరూ అక్కడ లేరన్నది మాత్రం ‘అంటారు’ అని రాయి. మట్టిలో కుస్తీ నేర్చినవాడు మ్యాట్ మీదికి ఎలా అలవాటు పడ్డాడో దాని మీద ఇంకో రెండు వాక్యాలు పెంచు.

చివర్లో వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుణ్ని తెచ్చి అతికించావు. మనవాడి పేరు ఒకటి ఉండాలన్న ఆశ నాకూ అర్థమవుతుంది. ఆయన కాలం వేరు, ఆయన బల ప్రదర్శనల లోకం వేరు, ఈ వ్యాసంలో ఇమడదు. ఈ 20 పతకాల జాబితాలో తెలుగు పేరు లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలనుంటే హైదరాబాద్ పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలీంఖానాలకు వెళ్లి అక్కడి ఉస్తాద్‌లతో మాట్లాడు, అది వేరే వ్యాసం అవుతుంది.

ఇవి సరిచేసి పంపు, ఆదివారం పేజీలో చోటు అడుగుతాను. ఫోటోల కింద వేసే రెండు ముక్కల్లో కూడా కిలోలు మర్చిపోకు. 2009లో రమేశ్ కుమార్ ప్రపంచ పతకం 42 ఏళ్ల తర్వాత వచ్చింది, దానికి నువ్విచ్చింది అర వాక్యం. అతని డెన్మార్క్ బౌట్ల వీడియో ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకు. దొరికితే నాకూ పంపించు.

నీ అన్న