రోగి చికిత్స వద్దంటే వైద్యుడు ఏ నైతిక సూత్రాన్ని అనుసరించాలి?

రోగి స్వయంనిర్ణయాధికారం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాల చట్రాన్ని 1979లో అమెరికా నీతిశాస్త్రవేత్తలు టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ ప్రతిపాదించారు. వీటిలో ఏదీ ముందుగానే మిగతావాటికన్నా పైది కాదు. చర్య మంచిచెడులను దాని ఫలితాన్ని బట్టి తూచే ఫలితవాదం ప్రకారం, ఉదాహరణకు, ప్రాణం నిలిపే రక్తమార్పిడిని రోగి వద్దన్నా బలవంతంగానైనా చేయవచ్చనిపిస్తుంది (వైద్యులపై నమ్మకం సడలడమూ ఒక ఫలితమేనని మరచిపోతే). ఫలితం కన్నా కర్తవ్యానికే విలువనిచ్చే, తత్వవేత్త కాంట్ చెప్పిన కర్తవ్యవాదం మాత్రం మనిషిని కేవలం సాధనంగా చూడరాదంటుంది; అంటే రోగి ఇష్టాన్ని తోసిపుచ్చరాదు.

నా దృష్టిలో ఇక్కడ సిద్ధాంతం కన్నా ముందు తేల్చవలసింది రోగి నిర్ణయ సామర్థ్యం. తన స్థితిని, చికిత్సను, నిరాకరిస్తే కలిగే పర్యవసానాన్ని అర్థం చేసుకున్న వయోజనుడు ఎవరి ఒత్తిడీ లేకుండా వద్దంటే, ఆ నిర్ణయం వైద్యుడికి అవివేకంగా తోచినా దాన్ని గౌరవించాలి. అత్యవసర స్థితిలో స్పృహ లేని రోగి అభీష్టం తెలియనప్పుడు మాత్రం మేలు చేయాలన్న సూత్రమే ముందుకు వస్తుంది.