కొరియా రాజుల సీరియల్స్ మనకెక్కడ దొరుకుతాయి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో కొరియన్ చారిత్రక సీరియల్స్ గురించి రాశాక ఉత్తరాలు చాలానే వచ్చాయి. ఏది బాగుంటుందని అడిగినవాళ్లు తక్కువ, ఎక్కడ చూడాలి, ఎందుకు దొరకట్లేదు అని అడిగినవాళ్లే ఎక్కువ, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: ఒక ఓటీటీలో కొరియాని ఏలిన జోసన్ వంశపు రాజుల కాలం సీరియల్ మొదలుపెట్టానండీ, యాభై ఎపిసోడ్లు. సగం దాటాక ఒకరోజు తెరిచి చూస్తే ఆ సీరియలే లేదు. డబ్బు కట్టి చూస్తున్నాం కదా, చెప్పాపెట్టకుండా ఎలా తీసేస్తారు? – ఒక గృహిణి, గుంటూరు

జవాబు: మీ కోపంలో న్యాయం ఉందండీ. మంచి రసపట్టులో ఉండగా కథ తెగిపోతే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. కాకపోతే జరిగేది ఏంటంటే, ఆ ఓటీటీ వాళ్లు కూడా ఆ సీరియల్‌ని కొనుక్కోలేదు, కొరియాలో దాన్ని తీసిన ఛానల్ దగ్గరో నిర్మాణ సంస్థ దగ్గరో ఇన్నేళ్లకి, ఫలానా దేశాలకి అని హక్కులు అద్దెకి తీసుకుంటారు, గడువు తీరాక ఇంకా కావాలంటే మళ్లీ డబ్బు పెట్టాలి. అప్పుడు చూసేది ఒక్కటే, ఎంతమంది చూస్తున్నారు అని. 16 ఎపిసోడ్ల కొత్త ప్రేమకథ పక్కన 50, 60 ఎపిసోడ్ల పాత రాజుల కథ ఆ లెక్కలో నిలబడటం కష్టం. చారిత్రక సీరియల్ అభిమానులకే ఈ దెబ్బ ఎక్కువ తగలడానికి కారణం అదే.

ఇంతకంటే పెద్ద దెబ్బ కూడా ఒకటి తగిలింది. అమెరికాలో 2009లో మొదలైన డ్రామాఫీవర్ అనే సైట్ అక్కడి కొరియన్ సీరియల్ అభిమానులకి పెద్ద దిక్కుగా ఉండేది. 2014లో జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ చేతికి, 2016లో వార్నర్ బ్రదర్స్ చేతికి వెళ్లింది, 2018 అక్టోబర్ 16న మూసేస్తున్నాం అని ప్రకటించి ఆ రోజే ఆపేశారు. సగంలో ఉన్నవాళ్లు సగంలోనే ఉండిపోయారు.

ఓటీటీ సొంతంగా తీయించుకున్న వాటికి ఈ గొడవ తక్కువ. జోసన్ కాలంలో జాంబీలు వస్తే అనే కథతో 2019లో వచ్చిన కింగ్‌డమ్ నెట్‌ఫ్లిక్స్ సొంత సీరియల్, అందుకే నెట్‌ఫ్లిక్స్ ఉన్న దేశాలన్నిట్లో ఒకేసారి వచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అద్దెకి తెచ్చినవాటికి గడువు దగ్గరపడితే ఆ సీరియల్ పేజీలో చివరి తేదీ వేస్తుంటారు, పొడుగు సీరియల్ మొదలుపెట్టేముందు ఒకసారి అది చూసుకోండి. మీది మాత్రం వేరే చోట ఉందేమో పేరుతో వెతకండి, ఒక ఓటీటీలోంచి పోయింది కొన్నాళ్లకి ఇంకో ఓటీటీలో తేలడం మామూలే.

ప్రశ్న: చిన్నప్పుడు దూరదర్శన్‌లో హిందీలో ఒక కొరియా సీరియల్ చూశాను, రాజుగారి వంటింట్లో పనిచేసే అమ్మాయి కథ. పేరు గుర్తులేదు, మళ్లీ చూడాలని ఉంది. – ఒక బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే ఆ సీరియల్ గురించి ఎవరు అడుగుతారా అని చూస్తున్నాం. అది డే జాంగ్ గుమ్, ఇంగ్లీషులో జ్యువెల్ ఇన్ ది ప్యాలెస్. కొరియాలో ఎంబీసీ ఛానల్‌లో 2003 సెప్టెంబర్ నుంచి 2004 మార్చి దాకా 54 ఎపిసోడ్లు వచ్చింది, లీ బ్యుంగ్ హూన్ డైరెక్టర్, లీ యంగ్ ఏ హీరోయిన్. దూరదర్శన్ 2006లో హిందీ డబ్బింగ్‌తో వేసింది. 2005లో హాంకాంగ్‌లో టీవీబీ ఛానల్ వేస్తే ఊరు ఊరంతా చూసింది, తర్వాత ఇరాన్‌లో పర్షియన్‌లో డబ్ చేసి వేస్తే అక్కడా అంతే, ఆ వెనకాలే వెళ్లిన జుమోంగ్ అనే 81 ఎపిసోడ్ల సీరియల్ కూడా ఇరాన్‌లో ఇంటింటికీ చేరింది. అప్పట్లో విదేశాల్లో చూడాలంటే దారి అదే, ఆ దేశం టీవీ వాళ్లు కొని, వాళ్ల భాషలోకి మార్చి, వాళ్లకి వీలైన టైంకి వేస్తేనే. లేదంటే డీవీడీలు. మన దేశంలోనే మణిపూర్ సంగతి వేరు, 2000లో అక్కడి తిరుగుబాటు సంస్థ హిందీ సినిమాల మీద నిషేధం పెట్టాక జనం కొరియా వాళ్ల ఇంగ్లీష్ ఛానల్ అరిరంగ్ టీవీకి అలవాటుపడ్డారు, ఇంఫాల్ బజార్లో కొరియన్ సీరియల్ సీడీలు అమ్మేవాళ్లు, మిగతా మనందరికంటే వాళ్లు ఎన్నో ఏళ్లు ముందున్నారు.

ఆ సీరియల్‌లో ఒక చిన్న సీన్ మీకు గుర్తుందో లేదో. చిన్నపిల్లలందరికీ మాంసం రుచి చూపించి ఇందులో తీపికి ఏం వేశారో చెప్పమంటారు పెద్దావిడ. అందరూ చక్కెర అంటారు. చిన్న జాంగ్ గుమ్ ఒక్కతే పండిన పెర్సిమన్ అంటుంది. ఎలా తెలిసిందమ్మా అంటే, నమిలితే ఆ పండు రుచి తగిలింది, అందుకే ఆ పండు అన్నాను, ఎలా తెలిసిందంటే ఏం చెప్పను అని అమాయకంగా మొహం పెడుతుంది. ఆ పండు తెలియని మనకి ఆ సీన్ సగమే ఎక్కుతుంది. పెర్సిమన్ చెట్టు మన తునికి చెట్టుకి చుట్టమే, బాగా మగ్గితే లోపల గుజ్జంతా మెత్తగా జారిపోయేంత తియ్యగా ఉంటుంది, ఆ సంగతి పక్కన ఎవరైనా చెబితే ఆ పిల్ల నాలుక ఎంత గొప్పదో అప్పుడు అర్థమవుతుంది.

ఇంకోటి, జాంగ్ గుమ్ నిజంగా ఉంది. 1506 నుంచి 1544 దాకా ఏలిన జుంగ్‌జోంగ్ రాజు కాలం నాటి రాజ్యచరిత్రలో ఒక వైద్యురాలిగా ఆమె పేరు కొన్నిసార్లు వస్తుంది, అంతే, మిగతా కథంతా రచయిత అల్లినదే.

చూడటానికైతే పెద్ద ఓటీటీల్లో, వికీ (Viki) అనే సీరియల్స్ సైట్లో, ఎంబీసీ వాళ్ల యూట్యూబ్ ఛానళ్లలో పేరు కొట్టి చూడండి. ఇంగ్లీష్ స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా రాస్తారు, ఒకదానికి రాకపోతే ఇంకోటి కొట్టండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అక్క కొకోవాలో చూస్తోంది, అదే సీరియల్ నాకు ఇక్కడ రావట్లేదు. వీపీఎన్ పెట్టుకోమంటున్నారు ఫ్రెండ్స్, పెట్టుకోవచ్చా? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: వద్దమ్మా. కేబీఎస్, ఎంబీసీ, ఎస్‌బీఎస్ ఈ మూడు కొరియా ఛానళ్లు కలిసి 2017లో అమెరికా ఖండాల కోసం పెట్టుకున్న ఓటీటీ కొకోవా. ఇండియా హక్కులు వేరేవాళ్లకి అమ్మి ఉండొచ్చు, లేదా ఎవరూ కొనకుండా అలాగే పడి ఉండొచ్చు, రెండో సందర్భమే మాకు ఎక్కువ బాధ అనిపిస్తుంది, చూసేవాళ్లు డబ్బు పట్టుకుని రెడీగా ఉన్నా అమ్మేవాళ్లు లేరు. అయినా వీపీఎన్‌తో, అంటే మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్‌తో, దేశం మార్చి చూడటం ఆ సైట్ల నియమాలకి విరుద్ధం, అకౌంట్ ఆపేస్తే కట్టిన డబ్బు పోతుంది. ఫ్రీ వీపీఎన్ యాప్‌లైతే ఇంకా ప్రమాదం, నీ ఫోన్లో ఏం చూస్తున్నావో అంతా వాళ్ల చేతుల్లోంచే వెళ్తుంది. దానికి బదులు కేబీఎస్ వరల్డ్ యూట్యూబ్ ఛానల్ ఒకసారి చూడు, పాత సీరియల్స్ ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో ఫ్రీగా, ఛానల్ వాళ్లే పెడతారు. అక్కడ కూడా కొన్నింటికి మీ దేశంలో లేదు అని వస్తుంది కానీ వచ్చేవి చాలానే ఉన్నాయి.

ప్రశ్న: మా అత్తగారికి ఈ సీరియల్స్ అంటే ప్రాణం, ఇంగ్లీష్ చదవలేరు. తెలుగులో ఉన్నాయా? – ఒక టీచర్, వరంగల్

జవాబు: కొన్ని ఉన్నాయి. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్నింటికి తెలుగు ఆడియో ఉంటుంది, అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్‌లో తెలుగులో డబ్ చేసిన కొరియన్ సీరియల్స్ ఫ్రీగా వస్తాయి, మధ్యలో యాడ్స్ భరించాలి. కానీ తెలుగులోకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇప్పటి కాలం కథలే, రాజుల కథలు తక్కువ. యూట్యూబ్‌లో సబ్‌టైటిల్స్‌ని ఆటోమేటిక్‌గా తెలుగులోకి మార్చే ఆప్షన్ ఉంది, మామూలు కథలకి ఎలాగోలా నెట్టుకురావచ్చు కానీ దర్బారు మాటలకి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు, రాజమాత మంత్రిని మందలిస్తుంటే కింద ఏదో సంబంధం లేని ముక్క వస్తుంది, పెద్దావిడకి విసుగొచ్చి మానేస్తారు. అంతకంటే మీరే పక్కన కూర్చుని సీన్ సీన్‌కీ నాలుగు ముక్కలు చెప్పండి. రాజు, పట్టపురాణి, చిన్నరాణులు, యువరాజు ఎవరవుతాడు, ఏ మంత్రి ఎటువైపు, ఇది పట్టుకుంటే మిగతాది ఆవిడకి మొహాలు చూస్తేనే అర్థమైపోతుంది, మన జానపద సినిమాలు చూసిన తరం కదా.

ప్రశ్న: సబ్‌టైటిల్స్ అభిమానులే రాస్తారట కదా, నేనూ రాయొచ్చా? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: తప్పకుండా రాయొచ్చు, రాయండి కూడా. వికీ నడిచేదే అలా. 2007లో మొదలైంది, 2013లో జపాన్‌కి చెందిన రకుటెన్ కొనుక్కుంది, ఇప్పటికీ అక్కడ సబ్‌టైటిల్స్‌లో చాలా భాగం వాలంటీర్లు జీతం లేకుండా రాసేవే. మొదట ఒకళ్లు కూర్చుని వీడియోని ముక్కలుగా కోస్తారు, ఎవరు ఎక్కడ నోరు తెరిచారు, ఎక్కడ ఆపారు అని ప్రతి డైలాగ్‌కీ మొదలు, చివర గుర్తుపెట్టాలి, ఒక గంట ఎపిసోడ్‌కి అలాంటి ముక్కలు వందల్లో ఉంటాయి. తర్వాత కొరియన్ వచ్చినవాళ్లు ఇంగ్లీషులో నింపుతారు, ఎడిటర్ దిద్దుతారు, ఆ ఇంగ్లీష్ పట్టుకుని మిగతా భాషలవాళ్లు మొదలుపెడతారు. సీరియల్ పేజీలో ఏ భాషలో ఎంత శాతం పూర్తయిందో కూడా కనిపిస్తుంది.

కొరియన్ రాకపోయినా ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి రాయడానికి అడ్డేం లేదు, ముందు ఆ సీరియల్ టీమ్ చూసే మేనేజర్‌కి మెసేజ్ పెట్టి అడగాలి. చారిత్రక సీరియల్స్‌కి వాలంటీర్లు దొరకడం కష్టం, భాష పాతది, పదవుల పేర్లు బోలెడు, కాబట్టి మొదలుపెట్టేముందు జోసన్ చరిత్ర కొంచెం చదువుకోండి, 1392 నుంచి 1910 దాకా 27 మంది రాజులు, వాళ్ల రాజ్యచరిత్ర మొత్తం కొరియా ప్రభుత్వం ఇంటర్నెట్‌లో ఫ్రీగా పెట్టింది, బ్రౌజర్ అనువాదంతో తంటాలు పడి చదివినా పేర్లు, తేదీలు దొరుకుతాయి. మొదటిసారికి 50 ఎపిసోడ్లది ఎత్తుకోకండి. 17 ఎపిసోడ్ల ది రెడ్ స్లీవ్ లాంటిది తీసుకుని, మీకు అక్కడ వస్తోందో లేదో ముందు చూసుకుని, ఒక్క ఎపిసోడ్ పూర్తిచేసి మీ ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి. వాళ్లెక్కడ ఆపి "ఏమన్నాడు?" అని అడిగారో అక్కడ మళ్లీ రాయండి.