టెండరు పిలవకముందే

చి. సౌ. సుజాతకు ఆశీస్సులు.

భూరికార్డుల సాఫ్ట్‌వేర్ పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. గడువు దాటితే అందరూ కంపెనీని తిడతారు గానీ, సగం ఆలస్యం మన ఆర్‌ఎఫ్‌పీలోనే (ఏం కావాలో చెప్పి కంపెనీలను బిడ్లు అడిగే పత్రంలోనే) ఉంటుంది.

ముందు మండలాఫీసులో గుమాస్తాల పక్కన నాలుగు రోజులు కూర్చో. తహసీల్దారు సెలవు పెడితే మ్యుటేషన్ (భూమి హక్కుదారు పేరు మార్పు) ఫైలు ఎవరి లాగిన్‌కు పోవాలి? వారసుల్లో ఒకరు సంతకం పెట్టనంటే? ఇలాంటివి తేల్చకుండా సంతకాలు చేస్తే, తర్వాత ఒక్కొక్కటీ ఒక చేంజ్ రిక్వెస్ట్, అంటే అదనపు డబ్బు అడిగే మార్పు, అవుతుంది. తక్కువకు కోట్ చేసినవాడు రాబట్టుకునేది అక్కడే. అందుకని మ్యాన్-డే (ఒక మనిషి ఒక రోజు పని) రేటు బిడ్‌లోనే రాయించు. మార్పుల ఖర్చు కాంట్రాక్టు విలువలో 10 శాతం దాటితే కమిటీ ముందుకు రావాలని షరతు పెట్టు.

అసలు గండం డేటాది. సర్వే నంబరు 12/3 అని ఎక్సెల్‌లో కొడితే 12-మార్చ్ అయి కూర్చుంటుంది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టించాలి. పాత ఫైళ్లు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటే, ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి, పట్టాదారు పేరే మారిపోతుంది. ఒక మండలం డేటా పూర్తిగా మార్పించి, గ్రామ రెవెన్యూ సిబ్బంది చేత పహాణీతో సరిచూపించి, తప్పులు లెక్కపెట్టాకే మిగతా జిల్లాకు రోజులు, డబ్బు అంచనా కట్టు. ఈ పనికి టెండరులో విడిగా పద్దు ఉండాలి.

కంపెనీకి కట్టే డబ్బులో డాక్యుమెంట్లు ఇచ్చినందుకు 10 శాతానికి మించి ఇవ్వకు. గో-లైవ్ అయ్యాక (సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చాక) ఏడాదిపాటు మూడు నెలలకోసారి ఇచ్చేలా కనీసం 30 శాతం ఆపి ఉంచు. కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జాబితాలోని ఆడిటర్‌తో సెక్యూరిటీ ఆడిట్ ఒక్క విడతలో తేలదు, రెండు నెలలు వేసుకో.

యూఏటీ (వాడేవాళ్లే సరిచూసే తుది పరీక్ష) సంగతి మరీ ముఖ్యం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఆరోగ్యశాఖ జీతాల సాఫ్ట్‌వేర్ 2008 జూలైకి రావలసింది, 2010 మార్చిలో వచ్చింది. పరీక్షల్లో బయటపడ్డ లోపాల తీవ్రతను కాగితం మీద తగ్గించి మరీ మొదలుపెట్టారు. నర్సులకు జీతాలు తప్పుగా పడ్డాయి, కొందరికి అసలు పడలేదు. మొదట సుమారు 62 లక్షల డాలర్లకు రాసుకున్న పని, సరిదిద్ది నడిపే ఖర్చుతో కలిపి 120 కోట్ల డాలర్ల అంచనాకు చేరింది. నీ దగ్గర ‘క్రిటికల్’ అన్న లోపాన్ని ‘మైనర్’గా మార్చమని పైనుంచి ఒత్తిడి వస్తే, ఆ మాట ఫైల్లో రాసి పంపమను.

డ్రాఫ్టు తయారైతే పంపు. ముందు పేమెంట్ షెడ్యూలు పేజీ చూస్తాను.

పెదనాన్న