ఇంటర్న్‌షిప్ చోటు సిఫారసుతో రాదు

తిరుపతిలో సైకాలజీ పీజీ చేసి, అమెరికాలో క్లినికల్ సైకాలజీ డాక్టరేటులో చేరిన మీరు, ఇంటర్న్‌షిప్‌కు తెలిసినవాళ్ల ద్వారా ఎక్కడైనా చోటు దొరుకుతుందా అని అడిగారు. చిత్తూరు నుంచి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అడిగాను. రుయా ఆసుపత్రి హౌస్‌సర్జన్లను చూసి పెరిగిన మనకు, ఇంటర్న్‌షిప్ అంటే చదివిన కాలేజీ ఆసుపత్రిలోనే గడిచిపోయే ఏడాది. ఇక్కడ దానికోసం దేశంలో ఏ మూలకైనా వెళ్లవలసి రావచ్చు.

చోటును నిర్ణయించేది అప్పిక్ (సైకాలజీ ఇంటర్న్‌షిప్ కేంద్రాల సంఘం) నడిపే మ్యాచ్, అంటే ఇరుపక్షాల ఇష్టాలను కంప్యూటరు జతచేసే పద్ధతి. దరఖాస్తు గడువులు సాధారణంగా నవంబరు ప్రాంతంలో ఉంటాయి కాబట్టి బ్రహ్మోత్సవాలకు ఇంటికి వెళ్లే ఆలోచన ఆ ఏడాదికి మానుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇంటర్వ్యూలు అయ్యాక మీరు శిక్షణ కేంద్రాలను, ఆ కేంద్రాలు అభ్యర్థులను ఇష్టాన్ని బట్టి వరుసక్రమంలో పెడతారు. ఫిబ్రవరిలో వచ్చే ఫలితానికి ఇరుపక్షాలూ కట్టుబడాలి; అప్పుడు చోటు రానివారికి రెండో విడత ఉంటుంది. ఎవరు తీసుకుంటారో ఊహించి వరుస రాయకండి, నిజంగా ఇష్టమైన క్రమంలోనే రాయండి. వెళ్లడం ఇష్టంలేని చోటును అసలు చేర్చవద్దు.

పూర్తికాలపు శిక్షణ సాధారణంగా 12 నెలలు. ఏడాదిని రొటేషన్లుగా విభజించి, ఒకదాంట్లో ఆసుపత్రి వార్డు, మరొకదాంట్లో పిల్లల విభాగం ఇలా అప్పగిస్తారు. కొన్నిచోట్ల వారానికొక రోజు వేరే చిన్న రొటేషన్ కూడా ఉంటుంది. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉన్న శిక్షణలో వారానికి కనీసం 4 గంటల సూపర్‌విజన్, అంటే అనుభవజ్ఞులు మీ పనిని పరిశీలించి దిద్దడం, ఉండాలి; అందులో కనీసం 2 గంటలు మీ ఒక్కరితో విడిగా జరగాలి. నా అనుభవంలో ఏడాది మొత్తానికి సారం ఆ 2 గంటలే. ఒకసారి మా సూపర్‌వైజర్ నా సెషన్ రికార్డింగ్‌ను మధ్యలో ఆపారు. క్లయింటు తండ్రి పేరెత్తి ఒక్క క్షణం ఆగాడు, నేనేమో నిద్ర ఎలా ఉందని తరువాతి ప్రశ్న వేసేశాను. ఆ క్షణాన్ని ఆవిడ మూడుసార్లు వినిపించారు, ఒక్క మాటా అనలేదు. కాబట్టి ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు సూపర్‌విజన్ గురించి, అదీ అప్పుడు అక్కడ చేస్తున్న ఇంటర్న్‌లనే అడగండి. ఎంతసేపూ క్లయింట్ల సంఖ్యే చెప్పే చోటికి కావలసింది చవకగా దొరికే ఉద్యోగి అని నా అనుమానం.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వీసా దగ్గర. వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లో జీతంతో కూడిన శిక్షణకు అమెరికా పౌరసత్వం ఉండాలి కాబట్టి, అవి ఎంత మంచివైనా ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు వాటిని పక్కన పెట్టవలసిందే. మిగతాచోట్ల సీపీటీ (చదువులో భాగమైన పనికి ఇచ్చే అనుమతి) మీద పనిచేయవచ్చు గానీ, పూర్తికాలపు సీపీటీ 12 నెలలకు చేరితే ఆ డిగ్రీ స్థాయికి రావలసిన ఓపీటీ (చదువు తరువాత ఆ రంగంలో పనిచేసే అనుమతి) పోతుంది. ఇదే డిగ్రీలో అంతకుముందు వాడుకున్న పూర్తికాలపు సీపీటీ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. అందుకని దరఖాస్తులు పంపకముందే, ఆయా చోట్ల శిక్షణ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ కాగితం మీద రాసుకుని మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో చూపించండి.