నురగ ఉన్న చోట తలుపు ఉండదు

అమలాపురం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పటం చూశాను. ఎం77 గెలాక్సీ పరారుణ చిత్రం మీద రేడియో చిత్రాన్ని పరిచి, రెండింటిలోనూ బాగా మెరిసే చుక్కలను ఒకదానిపై ఒకటి పెట్టేశావు. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ తప్పు.

పెరట్లో నాయనమ్మ పాలకుండ పెట్టే దాలి గుర్తుందా? పైకి బూడిదే కనబడుతుంది, చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది. ఆ గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం చుట్టూ ఉన్న ధూళి కూడా అంతే: లోపలి వెలుగును మింగి, వేడెక్కి, పరారుణంలో వదులుతుంది. నీ చిత్రంలో ఉన్నది నివురు, నిప్పు కాదు. పైగా 2 మైక్రాన్ల దగ్గర లోపలి వేడి ధూళి తెలుస్తుంది. 10 మైక్రాన్లకు వెళితే చల్లటి ధూళి ఉత్తరంగా సాగి కనబడుతుంది. ఏ తరంగదైర్ఘ్యమో పటం మీద రాయనే లేదు నువ్వు.

రేడియో తరంగాలకు ధూళి అడ్డు కాదు. కానీ అక్కడ మోసం వేరు. చిన్నప్పుడు లాకుల దగ్గర తలుపు ఎత్తితే, దిగువన రాళ్లకు కొట్టుకుని లేచే నురగ చూపించి, "నీళ్లు అక్కడి నుంచి వస్తున్నాయి తాతయ్యా" అన్నావు. ఇప్పుడూ అదే చేశావు. కేంద్రం నుంచి తన్నుకొచ్చే జెట్ (సన్నటి ధారలా వేగంగా చిమ్మే పదార్థం) ఒక వాయుమేఘాన్ని గుద్దుకునే చోటు రేడియోలో బాగా మెరుస్తుంది. దానికి 'సి' అని పేరు. కేంద్రమని భావించేది దానికి దక్షిణాన ఉన్న 'ఎస్1'. పౌనఃపున్యం పెరిగినా దాని తీవ్రత జెట్ పొడవునా మెరిసే ముడుల్లా పడిపోదు. 22 గిగాహెర్ట్జ్ నీటి ఆవిరి మేసర్లు (లేజర్‌లా రేడియో తరంగాలను పెంచి వదిలే చోట్లు) కూడా అక్కడ ఉన్నాయి. (అదే నీటి ఆవిరి మన గాలిలో ఉంటే పరారుణాన్ని మింగేస్తుంది. దూరదర్శినిని లదాఖ్‌లోని హాన్లేలో 4500 మీటర్ల ఎత్తున పెట్టింది ఊరికే కాదు. మన కోనసీమ గాలిలో ఆ పని సాగదు.)

కాబట్టి చుక్కకు చుక్క కలపకు. పరారుణ చిత్రంలోని నక్షత్రాలను గయా అనే ఐరోపా ఉపగ్రహం కొలిచిన నక్షత్ర స్థానాల జాబితాతో సరిచూసి, ఆకాశ నిర్దేశాంకాల ప్రకారం అతికించు. రెండు పౌనఃపున్యాలను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే స్పష్టతకు (విడదీసి చూడగల కనీస కోణానికి) తెచ్చుకో, లేకపోతే ముడుల తీవ్రత పౌనఃపున్యంతో మారే తీరు తప్పుగా వస్తుంది. జీఎంఆర్‌టీ (పుణె దగ్గరి రేడియో దూరదర్శిని) డేటాతో ఈ పని చెయ్యాలనుకోకు: 1400 మెగాహెర్ట్జ్ దగ్గర దాని స్పష్టత సుమారు 2 ఆర్క్‌సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు). ఆ గెలాక్సీ దూరంలో ఒక్క ఆర్క్‌సెకను అంటే 230 కాంతి సంవత్సరాలు. ముడులన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి. అమెరికాలోని వీఎల్ఏ రేడియో దూరదర్శిని యాంటెనాలు బాగా దూరంగా పరిచినప్పుడు తీసిన పాత డేటా వెతుక్కో.

నేనూ ఒకసారి ఇలాగే చుక్కలు కలిపి వ్యాసం పంపితే, సమీక్షకుడు ఒకే ఒక్క ప్రశ్నతో తిప్పి పంపాడు: "ఎంత దోషంతో?" ఆ వారం నాకు అన్నం సహించలేదు.

ముందు రెండు చిత్రాల స్థాన దోషాల అంకెలు పంపు. పటం తర్వాత చూద్దాం.

తాతయ్య