బేబీ బియర్డెడ్ డ్రాగన్: తిండి కంటే ముందు లైటు సంగతి చూడండి

ఒంగోలు నుంచి మీరు అడిగింది ఇది: తొలిసారి బేబీ బియర్డెడ్ డ్రాగన్ (తొండలాంటి పెంపుడు బల్లి పిల్ల) తెచ్చుకుంటున్నాను, రోజుకు ఎన్నిసార్లు ఏం పెట్టాలి, మనది ఎలాగూ వేడి ప్రాంతం కాబట్టి లైట్లు లేకుండా గాజు తొట్టిలో పెంచవచ్చా? తిండి గురించి కూడా చెప్తాను గానీ, నా జవాబు చాలావరకు ఆ రెండో ప్రశ్నకే. లైట్లు లేకుండా పెంచలేరు. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్ళు పగిలినా సరే, ఆ వేడి వేరు, దానికి కావలసింది వేరు.

నేను నెల్లూరులో ఉంటాను. మా పిన్ని కొడుకు చెన్నైలో ఒక అంగడిలో బియర్డెడ్ డ్రాగన్ పిల్లను కొన్నాడు. తర్వాత ఉద్యోగం మారి హాస్టల్లో ఉండాల్సి వచ్చి, "అక్కా, నువ్వే చూసుకో" అని మా ఇంట్లో దించి వెళ్ళాడు. దాంతోపాటు చిన్న గాజు తొట్టి, అడుగున పోసిన ఇసుక, ఒక ఎర్ర బల్బు, డబ్బాలో సూపర్ వార్మ్స్ అనే లావుపాటి పురుగులు. "ఇది యూవీ బల్బే, ఇంకేం అక్కర్లేదు" అని అంగడివాడు చెప్పాడట. బల్బు మీద, దాని అట్టపెట్టె మీద, యూవీ అన్న మాటే లేదు. యూవీ అంటే ఎండలో ఉండే, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు.

వచ్చిన రాత్రే దాని వెనక కాలి వేళ్ళు అదురుతూ ఉండటం చూశాను. మేలుకునే ఉంది, కళ్ళు తెరిచే ఉంది, వేళ్ళు మాత్రం వాటంతటవే కొట్టుకుంటున్నాయి. పురుగు కనబడితే ముందుకొచ్చి నోరు తెరుస్తుంది, పట్టుకుంటుంది, నమలలేక వదిలేస్తుంది. దవడ కింద వేలుతో తాకితే మెత్తగా తగిలింది. మా అమ్మ చూడలేక "కాస్త పెరుగన్నం పెట్టి చూడవే" అంది.

పొద్దున్నే చెన్నై రైలెక్కాను. గాలి రంధ్రాలు పెట్టిన డబ్బా, అందులో తువ్వాలు చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసా, దానికి ఆనుకుని పిల్ల. గూడూరులో ఎక్కిన ఒక పెద్దాయన డబ్బాలోకి తొంగి చూసి, "ఏందమ్మా, తొండని యాడికి తీసకపోతుండావు?" అన్నాడు. జబ్బు చేసిందని చెప్తే ఆయన ఇంకో మాట అనలేదు. జనం ఎక్కినప్పుడల్లా డబ్బాకి ఎవరూ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాడు.

డాక్టరు ఎక్స్‌రే తీశారు. ఎముకలు తెల్లగా తేలాల్సిన చోట మసకగా ఉన్నాయి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న తిండి గురించి కాదు, "ఏ లైటు కింద ఉంది?" అని. ఫోన్లో బల్బు ఫోటో చూపించాను. ఇందులో వేడి తప్ప ఏమీ లేదన్నారు. డ్రాపరుతో కాల్షియం, సరైన యూవీబీ (యూవీలో ఒక రకం) ట్యూబు, నేల మీద ఇసుక తీసేయడం, ఇవే చెప్పారు. అదురు మెల్లగా తగ్గింది, నమలడం వచ్చింది. దవడ మాత్రం ఇప్పటికీ కొంచెం ఒక పక్కకే ఉంటుంది, అది ఇక సరికాదు.

జరిగేది ఇది. ఈ జంతువు మధ్య ఆస్ట్రేలియా ఎడారి నేలలది. యూవీబీ కిరణాలు చర్మం మీద పడితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం పేగుల్లోంచి ఒంటికి పడుతుంది. అది అందకపోతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం తోడుకుంటుంది. పిల్లలు వేగంగా పెరుగుతాయి కాబట్టి వాటికే ముందు దెబ్బ. యూవీబీ మామూలు గాజును దాటదు, అందుకే కిటికీ పక్కన పెట్టిన తొట్టిలో ఎండ ఎంత పడినా లాభం లేదు. పైగా గాజు తొట్టిని ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది.

టీ5 రకం (సన్నటి పొడుగు) ట్యూబు, పది లేదా పన్నెండు శాతం యూవీబీ అని రాసి ఉన్నది కొనండి, చిన్న చుట్టల బల్బు వద్దు. మధ్యలో గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డం ఉండకూడదు. వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చేయాలి, ఎందుకంటే కంటికి కనబడే వెలుతురు ఉంటుంది గానీ యూవీబీ తగ్గిపోతుంది. నా గట్టి నమ్మకం ఇంకోటి ఉంది: మన జిల్లాల్లో మిద్దె మీద పొద్దుటి ఎండను మించిన ట్యూబు లేదు. జాలీ బుట్టలో, సగం నీడ ఉండేలా, పక్కనే కూర్చుని ఓ పావుగంట. కాకులు, గద్దలు ఉంటాయి, లోపలికి వెళ్ళి ఫోన్ ఎత్తి వద్దామని కూడా అనుకోకండి.

ఇక వేడి. తొట్టిలో ఒక చివర 38 నుంచి 42 డిగ్రీలు, రెండో చివర 30 లోపు ఉండాలి, అది అటూ ఇటూ తిరిగి తన ఒంటి వేడిని తానే సర్దుకుంటుంది. మే నెలలో మన గదే 38 ఉంటే దానికి చల్లబడే చోటు ఎక్కడ? ఆ రోజుల్లో వేడి బల్బు ఆపేసి యూవీబీ ట్యూబు మాత్రం ఉంచండి, కుదిరితే ఏసీ గదిలో పెట్టండి. కూలరు వద్దు, తేమ పెంచుతుంది. చల్లని చివర కూడా నోరు తెరుచుకుని ఉంటే వేడి ఎక్కువైనట్టే. నవంబరు ముసురులో దీనికి తిరగబడిన కష్టం: గాలంతా తేమ, కరెంటు పోతే చల్లదనం. వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు, కాబట్టి కరెంటు వచ్చి తొట్టి వేడెక్కేదాకా పురుగులు పెట్టొద్దు. రాత్రి ఏ లైటూ వద్దు, ఎర్రది కూడా.

తిండి తేలికే. పిల్లకు రోజుకు రెండు మూడు సార్లు చిన్న కీచురాళ్ళు లేదా డూబియా బొద్దింకలు, పది పదిహేను నిమిషాల్లో తిన్నన్ని. పురుగు దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. మా తమ్ముడికి అంటగట్టిన సూపర్ వార్మ్స్ పెద్దవాటికి, పిల్లలకు కాదు. పురుగుల మీద కాల్షియం పొడి చల్లాలి. మిగిలిన కీచురాళ్ళు తీసేయండి, అవి రాత్రి పిల్లనే కొరుకుతాయి. ఆకు రోజూ పెట్టండి, మొదట్లో ముట్టుకోదు. విదేశీ పట్టికల్లోని ఆకుల కోసం తిరగకండి, మన మునగాకు, అవిసాకు, గుమ్మడికాయ తురుము ఉన్నాయి. పాలకూర, గోంగూర వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి.

చేలో పట్టిన మిడతలు వద్దేవద్దు. మా ఎదురింటి పిల్లలు ప్రేమగా సీసా నిండా తెచ్చారు, వరికి కొట్టే మందుల సంగతి చెప్పి పంపేశాను. మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా చచ్చిపోవచ్చు, రాత్రి కిటికీలు మూసి ఉంచండి.

రొయ్యకు జబ్బు చేస్తే నెల్లూరులో పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. సరీసృపానికి మాత్రం నాకు చెన్నై రైలే దిక్కయింది. మూగజీవాన్ని అమ్మేవాళ్ళు దాని వైద్యం గురించి ఒక్క ముక్క చెప్పరు, ఇది నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. ఒంగోలు నుంచి ఇంకా దూరం కాబట్టి, కొనకముందే చూసే డాక్టరు ఎవరో కనుక్కుని నంబరు పెట్టుకోండి.

జత బాగుంటుందని రెండు తెచ్చుకోవద్దు, పిల్లలు ఒకదాని వేళ్ళు, తోక ఇంకోటి కొరికేస్తాయి. నేల మీద పేపరు గానీ టైలు గానీ చాలు. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా అనే బాక్టీరియా అంటుకోవచ్చు. డబ్బులిచ్చే ముందు అమ్మేవాణ్ణి ఒకటే అడగండి: ఇప్పటిదాకా దీన్ని ఏ లైటు కింద పెంచావు, చూపించు. చూపించలేకపోతే అక్కడ కొనకండి.